ఓడెక్కిన హంస అంచు

వెంకటేశులుకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ల అమ్మ హనుమక్క అనేది. ఉగ్గు తాగే వయసులో కూడా గిన్నె అడుగు చూసి గానీ నోరు తెరిచేవాడు కాదట. కొడుకు మీద ప్రేమకొద్దీ ఆమె కొంత కలిపి చెప్పి ఉండొచ్చు. కానీ పెద్దయ్యాక అతని తీరు చూసినవాళ్లు ఆ మాట ఇట్టే నమ్మేస్తారు. తలుపుకు తాళం వేసి నాలుగు సార్లు లాగి చూస్తాడు. వీధి చివరిదాకా పోయి, ఐదోసారి లాగడానికి వెనక్కి వస్తాడు. ధర్మవరం స్టేషన్లో టికెట్టు కొని, దాని మీద ఊరి పేరు సరిగా ఉందో లేదో పక్కవాడి చేత కూడా చదివిస్తాడు. చదువు రాక కాదు, తన కళ్లను తానే నమ్మడు కాబట్టి.

ఈ గుణమంతా అతని తప్పే అనడానికీ లేదు. తండ్రి ఎల్లప్ప ధర్మవరంలో పేరున్న నేతగాడు. ఆయన నేసిన పట్టుచీరల్లో ఒక అంచు ఉండేది. వరసగా హంసలు, ప్రతి హంసా మెడ వెనక్కి తిప్పి తన తోకను తానే ముక్కుతో తాకుతుంటుంది. ఒకసారి హిందూపురం వ్యాపారి ఒకడు ఆ చీర చూసి, "ఒక దినం ఇవ్వప్పా, ఇంట్లో ఆడోళ్లకు చూపించి తెస్తా" అని పట్టుకెళ్లాడు. చీర తిరిగి వచ్చింది. మూడు నెలలకు అదే హంస బెంగళూరు అంగళ్లలో వేలాడింది, అదీ మెడ విరిగిన కోడిలా, వంకర టింకరగా. ఎల్లప్ప వారం రోజులు సరిగా అన్నం తినలేదు. అప్పటి నుంచి మగ్గం మీద హంస ఉన్నన్నాళ్లూ వీధి తలుపు మూసేవాడు. ఆ నమూనా కాగితం మీద ఎన్నడూ గీయలేదు. ఏ వరసలో ఏ దారాలు లేవాలో తలలోనే పెట్టుకున్నాడు, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అతని తలలో పెట్టాడు. పోయేముందు, "ఈ హంస లెక్క గడప దాటకూడదు రా" అని చేయి పట్టుకుని చెప్పి మరీ పోయాడు.

ఆ అంచు నేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే, రెండోవారు పక్కన కూర్చుని, వరస వరసకూ అంచు దారాలు లెక్కపెట్టి ఎత్తి ఇవ్వాలి. తండ్రి నేసినప్పుడు వెంకటేశులు ఎత్తి ఇచ్చాడు. తర్వాత వెంకటేశులు నేస్తే పెళ్లాం మమత ఎత్తి ఇచ్చింది. మగ్గం గుంతలో ఎదుగూ బొదుగూ లేదని అతను ఎప్పుడో పట్టాళంలో చేరాడు కాబట్టి, సెలవుకు వచ్చినప్పుడు తప్ప గుంతలో దిగేది మమతే, పక్కన కూర్చునేది హనుమక్కే. ఇంటి సంగతి ఇంతవరకు అతనికి తెలుసు. ఇంతకు మించి తెలుసుకోవాలని అతనికి తోచలేదు.

తొంభై తొమ్మిది జూన్‌లో ఉత్తరాన మంచుకొండల్లో యుద్ధం జరుగుతుంటే, రెండు నెలల సెలవులో తొమ్మిదో రోజునే వెంకటేశులుకు టెలిగ్రాం వచ్చింది. వెంటనే రమ్మన్నారు. వెళ్లాక, మొత్తం పట్టాళాన్ని మద్రాసు రేవులో ఒక పాత ఓడ ఎక్కించారు. అండమాన్ వైపు ఒక దీవిలో శిబిరం ఉందని, సముద్రం మీంచి ఒడ్డుకు దిగి యుద్ధం చేయడం అక్కడ నేర్పుతారని చెప్పారు.

"కొండల మింద యుద్ధమైతే మనల్ని సముద్రంలోకి యాల తీసుకపోతాండారు?" అని వెంకటేశులు కనిపించిన ప్రతివాడినీ అడిగాడు. తెలుగు రానివాళ్లను హిందీలో అడిగాడు. ఎవరు ఏం చెప్పినా తృప్తి కలగలేదు. పెద్ద ఆఫీసర్లు తమకు ఏదో దాస్తున్నారని తేల్చుకుని, పెట్టె మీద తల పెట్టుకుని పడుకున్నాడు.

ఓడ రేవు దాటిన రెండు గంటలకే సముద్రం తన సంగతి చూపించింది. చిత్రావతి ఏటి ఇసుకలో గుంట తవ్వి నీళ్లు తోడుకున్న మనిషి, ఎటు చూసినా నీళ్లే అయితే ఏం చేస్తాడు? వాంతులు చేసుకుంటాడు. ఒక్కడు కాదు, కింది అంతస్తులో రెండు వందల మంది బక్కెట్లు పట్టుకుని కూర్చున్నారు. డీజిల్ కంపు, వాంతుల కంపు, తడి గోనెల కంపు. కిటికీలన్నింటికీ నల్లగుడ్డలు కట్టారు. సుబేదారు గఢ్వాలీ మనిషి, మీసం తప్ప మిగిలిన ముఖమంతా పసుపురంగుకు తిరిగినా గొంతు మాత్రం తగ్గలేదు. "కళ్లు తెరిచి పెట్టుకోండి. ఎవరిమీద అనుమానం వచ్చినా నాకు చెప్పండి. యుద్ధకాలం ఇది" అని మెట్ల మీద నిలబడి అరిచాడు. వెంకటేశులుకు ఎవరి మీద అనుమానం రాలేదో చెప్పమంటే సులువుగా ఉండేది.

రెండోరోజు పొద్దున గాలి కోసం పైకి వచ్చాడు. పైన కట్టి ఉంచిన ఒక చిన్న పడవ చాటున మసూద్ కూర్చుని ఉన్నాడు.

మసూద్‌ది పెనుకొండ. ఇరవై మూడేళ్ల కుర్రసిపాయి, వేరే కంపెనీ. జిల్లావాడు కాబట్టి ముఖపరిచయం ఉంది. అంతకంటే బాగా అతని తండ్రి మహమ్మద్ అలీ తెలుసు. ఆయనకు ధర్మవరం స్టేషన్ దగ్గర ఒక చిన్న గది ఉంది. అక్కడ కూర్చుని జాకార్డు మిషన్లకు అట్టలు కొడతాడు. గళ్ల కాగితం మీద గీసిన నమూనా చూసుకుంటూ, అట్టల్లో చిల్లులు పొడుస్తాడు. ఆ అట్టలు మగ్గం పైన మిషన్‌లో వేలాడదీస్తే, తొక్కుడుపలక తొక్కినప్పుడల్లా ఏ దారాలు లేవాలో అవే లేస్తాయి. సాయంత్రానికి రైలెక్కి పెనుకొండ పోతాడు. మంచి పనిమంతుడని ఊరంతా అంటుంది. వెంకటేశులు దృష్టిలో మాత్రం అట్టలు కొట్టేవాళ్లంటే ఒక ఇంటి నమూనాను పది ఇళ్లకు పంచేవాళ్లు.

మసూద్ ఒళ్లో పలక, పలక మీద గళ్ల కాగితం, చేతిలో ఎర్ర పెన్సిలు. ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే, అది నిలబడే సందు చూసుకుని ఒక గడి నింపుతున్నాడు, మళ్లీ ఆగుతున్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తాడు. వెంకటేశులును చూడగానే కాగితం చుట్టేసి చొక్కాలో తోసుకున్నాడు.

"ఏమన్నా, తల తిరుగుతాందా? నిమ్మకాయ ఉండాది, ఇమ్మంటావా?"

"ఏమప్పా గీస్తాండావు?"

"ఏం లేదన్నా. పొద్దుపోక."

ఏం లేదంటే ఏదో ఉందని వెంకటేశులు లెక్క. ఈసారి లెక్క తప్పలేదు. కాగితం చుట్టుకునేలోపల ఒక మూల అతని కంటపడింది. గడుల్లో ఎర్రగా ఒక మెడ, వెనక్కి తిరిగిన మెడ, తోకను తాకే ముక్కు.

ఒళ్లంతా మండిపోయింది. తన నాయన కాగితం మీద ఎన్నడూ పెట్టని హంస, వీధి తలుపు మూసి నేసిన హంస, ఈ పెనుకొండవాడి చొక్కాలో ఎట్లా దూరింది? తండ్రీకొడుకులు ఏ కిటికీలోంచి చూసి దొంగిలించారు? నేరుగా కాలర్ పట్టుకుని అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ అనుమానం ఉన్న మనిషి నేరుగా అడగడు, పక్కదారి పడతాడు. వెంకటేశులు సుబేదారు దగ్గరికి పోయి, "సాబ్, పడవ చాటున ఒక సిపాయి ఏదో కాగితం గీసి దాచుకుంటున్నాడు" అన్నాడు. సుబేదారు కాగితం లాక్కుంటాడు, నాలుగు తిట్లు తిడతాడు, కాగితం సముద్రంలో పడేస్తాడు. హంస నీళ్లలోకి పోతుంది. అతను అనుకున్నది అంతే.

సుబేదారు కాగితం లాక్కోవడం వరకు అనుకున్నట్టే జరిగింది. కానీ సముద్రంలో పడేయలేదు. గడి గడికీ ఎర్రచుక్కలు, నల్లచుక్కలు, పక్కన మసూద్ తండ్రి అలీసాబు రాసిన ఉర్దూ అంకెలు చూసి, అతని కనుబొమలు దగ్గరయ్యాయి. కాగితం మేజర్ గదికి పోయింది.

మధ్యాహ్నం అన్నాలవేళకు ఓడ ఇంజను ఆగిపోయింది.

ఇంజను చప్పుడు ఉన్నంతసేపు అందరూ దాన్ని తిట్టుకున్నారు. ఆగాక భయం పట్టుకుంది. ఓడ ముందుకు పోకుండా, అలలకు పక్కకు దొర్లడం మొదలుపెట్టింది. పళ్లేలు, పెట్టెలు, మనుషులు ఈ గోడ నుంచి ఆ గోడకు జారారు. ఒకడి చేయి విరిగింది. ఎవరో ఇంజను చెడగొట్టారని ఒకడన్నాడు. శత్రువుల జలాంతర్గామి దగ్గర్లోనే ఉందట అని రెండోవాడన్నాడు. పొద్దున ఎవడి దగ్గరో రహస్య లిపిలో రాసిన కాగితం దొరికిందట, ఓడ పోయే దారంతా చుక్కలు పెట్టి గీశాడట అని మూడోవాడు అన్నాక, ఇంక నాలుగోవాడి అవసరం లేకపోయింది. మసూద్ పక్కన పరుపులు వేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే పరుపులు చుట్టుకుని దూరం జరిగారు. సాయంత్రం కాకముందే అతన్ని తాళ్లూ రంగు డబ్బాలూ పెట్టే ఒక ఇరుకు గదిలో పెట్టి, బయట కాపలా పెట్టారు.

కాసేపటికి వెంకటేశులుకు మేజర్ నుంచి పిలుపు వచ్చింది.

మేజర్ తెల్లగా, సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. బల్ల మీద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. "ఇది చీర అంచు అంటున్నాడు మీవాడు. ఎవరి చీర అంటే చెప్పడు. ఎవరిచ్చారంటే చెప్పడు. యుద్ధానికి పోతూ చీర బొమ్మ గీసుకునేవాడు ఎవడైనా ఉంటాడా? మిగతా తెలుగువాళ్లను అడిగాను, పొలం మ్యాపు అన్నాడు ఒకడు. వాళ్లది మీ వైపు కాదట. నీది చీరలు నేసే ఊరు కదా. ఇది ఏమిటి?"

హంసలన్నీ వరసగా వెంకటేశులును చూడకుండా వెనక్కి చూస్తున్నాయి. ఒక్క మాట చాలు. "ఇది అంచే సార్, మా ఇంటి అంచే" అంటే మసూద్ బయటికి వస్తాడు. అయితే వెంటనే, మరి పొద్దున నువ్వే ఎందుకు చెప్పావు అని అడుగుతారు. దొంగకు తాను సాక్ష్యం చెప్పడమేమిటని ఒకవైపు కడుపు మంట, తన పితూరీ బయటపడుతుందని ఒకవైపు భయం.

"తెలియదు సార్. మా ఇంట్లో చీరలు నేస్తారు గానీ, ఇట్లాంటి కాగితం ఎప్పుడూ వాడలేదు."

అందులో రెండో వాక్యం నిజమే. ఆ సగం నిజాన్ని పట్టుకుని వెంకటేశులు మెట్లు దిగి కిందికి వచ్చాడు. మనిషికి ఎంత చిన్న నిజమైనా చాలు, దాని వెనక ఎంత పెద్ద అబద్ధాన్నైనా దాచుకుంటాడు.

మూడోరోజు పొద్దున కాపలా వంతు అతనికే వచ్చింది. ఇంజను ఇంకా బాగుపడలేదు. తలుపుకు పైన చిన్న జాలీ ఉంది. లోపల మసూద్ తాళ్ల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడకూడదని ఉత్తర్వు. వెంకటేశులు చుట్టూ చూసి, జాలీకి నోరు ఆనించాడు.

"ఆ అంచు యాడ దొంగిలిస్తివి?"

మసూద్ తలెత్తాడు. గొంతు గుర్తుపట్టి లేచి వచ్చాడు.

"దొంగిలించలేదన్నా."

"మా నాయన హంస అది. మా ఇల్లు దాటలేదు. యాడనుంచి వచ్చింది నీకు?"

"అది చెప్పలేనన్నా. మాటిచ్చినా."

"ఎవురికి?"

"అడగద్దన్నా. నువ్వు అసలు అడగద్దు. అది అంచేనని ఆ మేజరుకు చెప్పు, సాలు. నీకు తెలుసు గదా అది అంచేనని. వీళ్లు నన్ను ఏమనుకుంటాండారో తెలుసా నీకు? మా నాయన చెవినపడితే గుండె పగిలి చస్తాడు."

వెంకటేశులుకు ఆ మాటల్లో వినబడింది ఒకటే, నువ్వు అసలు అడగద్దు అన్నది. తనకే ఎందుకు చెప్పకూడదు? తనకు తెలియకూడనిది ఏముంది? అడుగుల చప్పుడైతే జాలీ నుంచి పక్కకు జరిగి, తుపాకీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ తర్వాత మసూద్ రెండుసార్లు "అన్నా" అని పిలిచాడు. పలకలేదు.

పది గంటలకు మసూద్ సామాను మళ్లీ సోదా చేశారు. బూటు అడుగున అట్ట కింద, మడతలు పెట్టిన ఒక చీటీ దొరికింది. తెలుగు రాత. దాచిన కాగితం మీద దాచిన చీటీ, ఇంకేం కావాలి? వెంకటేశులును మళ్లీ పిలిచారు. ఈసారి మేజర్ పక్కన ఓడ కెప్టెన్, సుబేదారు కూడా ఉన్నారు. ఒక మూల మసూద్‌ను నిలబెట్టారు.

"ఇది చదివి, హిందీలో చెప్పు. ఒక్క మాట కూడా వదలొద్దు" అన్నాడు మేజర్.

వెంకటేశులు చీటీ విప్పాడు. విప్పీ విప్పగానే రాత గుర్తుపట్టాడు. పెళ్లయిన మూడేళ్లుగా నెలకు రెండుసార్లు ఆ రాత చదువుతూనే ఉన్నాడు. కొమ్ములు అవసరానికంటే పొడుగ్గా లాగే రాత. మమత రాత.

ఆ క్షణంలో అతనికి మొదట వచ్చిన ఆలోచన ఏమిటో అతను చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. కథ చెప్పేవాణ్ణి కాబట్టి నేను దాచను. మసూద్ మా ఇంటికి ఎప్పుడొచ్చాడు? తలుపు ఎవరు తీశారు? అమ్మ అప్పుడు ఎక్కడుంది, ఇంట్లో ఇంకెవరున్నారు? ఇదీ అతని మొదటి ఆలోచన. కళ్లు అక్షరాల మీద ఉన్నాయి గానీ, బుర్ర తన ఇంటి తలుపు దగ్గర నిలబడి తాళం లాగుతోంది.

"చదువు" అన్నాడు మేజర్.

చదివాడు. చదివిన ప్రతి వాక్యాన్నీ హిందీలోకి మార్చి చెప్పాడు.

"అలీసాబుకు నమస్కారాలు. ఈ చీరకొంగు చూసి అంచు గీయండి. నేను ఒక్కదాన్నే నేసేటట్టు ఉండల్ల. మా అత్తకు కండ్లలో పొర వచ్చింది, దారాలు లెక్కపెట్టలేకుండాది. తప్పు ఎత్తిచ్చి, నేసింది ఊడదీసేటప్పుడు ఏడుస్తాది. నాకు సూడలేక, నీ కండ్లు బాగానే ఉండాయిలే అత్తా, నాదే తప్పు అని చెప్తాండా. పక్కన కూచునేవాళ్లు ఇంగెవురూ లేరు. మిషను పెట్టిస్తే నాకు నేనే నేసుకుంటా. ఈ నమూనా ఇంగెవురికీ ఇయ్యకండి. మా ఇంటాయనకు ఈ సంగతి తెలియనీకండి. వాళ్ల నాయన మాట దాటినానని అనుకుంటాడు. చీర నేసి చేతికిచ్చినాక నేనే చెప్పుకుంటా."

ఊడదీసేటప్పుడు ఏడుస్తాది అన్న చోట అతని హిందీ తడబడింది. ఆ వాక్యం రెండుసార్లు చెప్పాడు. మేజర్ తొందరపెట్టలేదు.

"రాసింది ఎవరో తెలుసా?"

"నా భార్య సార్."

సుబేదారు మీసం మీద చేయి అక్కడే ఆగిపోయింది. మేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నిన్న అడిగితే తెలియదన్నావు."

"అబద్ధం చెప్పాను సార్. అది మా ఇంటి అంచు. చూడగానే తెలిసింది. ఇతను దొంగిలించాడనుకున్నాను. సుబేదారు సాబుకు చెప్పింది కూడా నేనే."

"చీర అంచు కోసం" అన్నాడు మేజర్ నెమ్మదిగా, "నా ఓడలో ఒక సిపాయిని దేశద్రోహిని చేశావు."

వెంకటేశులు సిగ్గుతో చచ్చిపోయాడు అంటే తక్కువ చెప్పినట్టే. మూల నిలబడ్డ మసూద్ వైపు చూడడానికి ధైర్యం చాలక, బల్ల మీద గ్లాసుల వైపు చూశాడు.

"సార్, అతన్ని ఇప్పుడు వదిలేస్తారు కదా?"

"గది నుంచి వదిలేస్తాను" అన్నాడు మేజర్. "కానీ అతని పేరు మీద వైర్‌లెస్ పొద్దున ఎనిమిదికే పోయింది. నువ్వు కాపలా కాస్తున్నప్పుడు. ఇంకో వైర్‌లెస్ పంపుతాను, నీ మాట రాసి సంతకం తీసుకుంటాను. మొదటిదాన్ని మాత్రం వెనక్కి పిలవలేను. విచారణ జరిగి తీరుతుంది."

మధ్యాహ్నం రెండింటికి ఇంజను మళ్లీ మొదలైంది. డీజిల్లో నీళ్లు చేరాయట, అంతే. శత్రువులూ లేరు, జలాంతర్గామీ లేదు. ఓడలో అందరూ చప్పట్లు కొట్టారు. నిన్న పరుపులు దూరం జరుపుకున్నవాళ్లు మసూద్ దగ్గరికి వచ్చి, నవ్వుతూ వీపు తట్టారు. గళ్ల కాగితం అతనికి తిరిగి ఇవ్వలేదు, అది విచారణ కాగితాల్లో చేరింది.

దీవి చేరాక అందరూ ఇసుకలోకి దిగారు. మసూద్‌ను మాత్రం అదే ఓడలో, ఇద్దరు మిలిటరీ పోలీసుల మధ్య వెనక్కి పంపారు. నిచ్చెన దగ్గర వెంకటేశులు అడ్డం పోయి నిలబడ్డాడు. మసూద్ అతన్ని తప్పించుకుని, చెయ్యి కూడా తగలకుండా పైకి ఎక్కిపోయాడు.

శిబిరంలో వెంకటేశులు ఆరు వారాలు ఉప్పునీళ్లు తాగాడు. తప్పుడు మాట చెప్పినందుకు పద్నాలుగు రోజులు శిక్షగదిలో పెట్టారు, రావలసిన ప్రమోషను ఆపేశారు. నేర్చుకున్నది వాడేలోపలే యుద్ధం ముగిసింది. మసూద్ విచారణ మాత్రం అంత తొందరగా ముగియలేదు. ఐదు నెలలు నడిచి, ఏ తప్పూ లేదని తేలింది. అప్పటికి అతనికి పట్టాళం మీద మనసు విరిగింది. కాగితాలు పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో వెంకటేశులు సెలవుకు ధర్మవరం వచ్చాడు. మగ్గం మీద జాకార్డు మిషను ఉంది. అట్టలు గొలుసులా వేలాడుతున్నాయి. గుంతలో మమత ఒక్కతే కూర్చుని నేస్తోంది. అంచులో హంసలు మెడలు తిప్పుకుని వరసగా వస్తున్నాయి. మిషను ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఆమె భయపడుతూ నోరు తెరిచింది. "నాకు తెలుసు" అని అతను ముందే అన్నాడు. తర్వాత గడప మీద కూర్చుని ఓడ సంగతంతా చెప్పాడు. చెప్పనిది ఒక్కటే, చీటీ విప్పగానే వచ్చిన ఆ మొదటి ఆలోచన.

మమత తొక్కుడుపలక మీద నుంచి కాలు తీసింది.

"ఆయప్ప పట్టాళం వదిలేసి వచ్చినాడంటే, ఒంట్లో బాగలేక అనుకుంటిమి. అలీసాబు అడిగినా కొడుకు చెప్పకపాయ. నువ్వు చేసిన పనా ఇది?"

"తెలీక చేసినా."

"తెలీక కాదు. అడక్క చేసినావు." ఆమె కళ్లనిండా నీళ్లు, గొంతునిండా కోపం. "ముందు పెనుకొండకు పో. ఆయప్ప ఏమంటాడో విని రా. వచ్చినాక అది నాకు చెప్పు. దాచకుండా చెప్పు. అంతవరకు నాతో మాట్లాడద్దు."

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో దిగాడు. కోటకు పోయే దారిలో, ఒక పాత గోడకు ఆనుకుని మసూద్ వాళ్ల ఇల్లు. వసారాలో గళ్ల కాగితం ముందు పెట్టుకుని, మసూద్ అట్టలు కొడుతున్నాడు. సుత్తి దెబ్బకు ఒక చిల్లు, చూపు కాగితం మీదికి, మళ్లీ దెబ్బ. వెంకటేశులును చూసి సుత్తి ఆపలేదు.

"కూర్చోన్నా."

కూర్చున్నాడు. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారే చెప్పేశాడు. తప్పయిందన్నాడు. కాళ్లు పట్టుకుంటానన్నాడు. మసూద్ వింటూ రెండు అట్టలు పూర్తి చేశాడు.

"ఒకటి అడగల్ల నిన్ను" అన్నాడు వెంకటేశులు చివరికి. "మొదటిదినమే మమత పేరు చెప్పుంటే, మేజరు నన్ను పిలిచి అడుగుతుండె. గంటలో వదిలేస్తుండ్రి నిన్ను. యాల చెప్పలేదప్పా?"

మసూద్ సుత్తి పక్కన పెట్టాడు.

"మాటిచ్చినా అంటి గదా. అదొకటి. ఇంగొకటి చెప్తా విను. మేజరు నన్ను వదిలేస్తుండె, నిజమే. నువ్వు వదులుతుంటివా? మా ఇంట్లో నాకు తెలీకుండా, మా ఆడమనిషి వీడి చేతికి కాగితమిచ్చిందని ఓడలో రెండు నూర్ల మంది ముందర తెలిసుంటే, నువ్వు ఆ తల్లిని ఎన్ని దినాలు అనుమానిస్తుంటివి? నేను ఆమెను సూసిందే లేదన్నా. చీటీ, చీరకొంగు మా నాయన తెచ్చినాడు, ఆయన మొదలుపెట్టిన నమూనా నేను ఓడలో ముగిస్తాంటి, అంతే. అది నీకు చెప్పినా నమ్ముతుంటివా? నిజం చెప్పు. ఈడ ఎవురూ లేరు."

ఛ, అట్లా ఎందుకు అనుకుంటాను అనడానికి వెంకటేశులు నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఓడలో ఈ మనిషి గురించి తాను మొదట చెప్పినవన్నీ అబద్ధాలో సగం నిజాలో అని గుర్తొచ్చి, ఆగిపోయాడు.

"ఆ చీటీ విప్పిన గడియలోనే అనుమానించినా" అన్నాడు. "ఇంకా మొదటి అక్షరం కూడా చదవకముందే."

మసూద్ అతని ముఖంలోకి చూశాడు. కోపంగా చూసి ఉంటే వెంకటేశులుకు తేలికగా ఉండేది.

"నాకు తెలుసన్నా. జాలీలో నీ గొంతు విన్నప్పుడే తెలిసింది" అన్నాడు.

లోపల నుంచి అతని తల్లి మస్తాన్‌బీ వచ్చింది. ఎవరో ధర్మవరం మనిషి, కొడుకుతోపాటు పట్టాళంలో ఉన్నవాడని మాత్రమే ఆమెకు అర్థమైంది. "ఎండలో వచ్చినావు నాయనా, అన్నం తిని పో. వడ్డిస్తా" అంది సంతోషంగా.

"అన్నకు అన్నం వద్దంటమ్మా" అన్నాడు మసూద్, మళ్లీ సుత్తి అందుకుంటూ. "బస్సుకు పోవల్లంట."

వెంకటేశులు ఆమెకు నమస్కారం పెట్టి లేచాడు. ఎండలో నడిచి బస్టాండుకు వచ్చాడు. ఇంటికి పోగానే మమత అడుగుతుంది, ఏమన్నాడని. దాచకుండా చెప్పమంది. మసూద్ అడిగింది చెప్పాలి, దానికి తాను ఇచ్చిన జవాబూ చెప్పాలి. ఆమె ఆ చీటీ రాసేటప్పుడు ఇంట్లో నడిచిన బాధ ఏమిటో, దాన్ని విప్పినప్పుడు తన బుర్రలో నడిచింది ఏమిటో, రెండూ పక్కపక్కన పెట్టి ఆమె ముఖం చూస్తూ చెప్పాలి.

ధర్మవరం బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు తలుపు దగ్గర నిలబడి, "ధర్మవరం, ధర్మవరం, ఎవురప్పా వచ్చేది" అని మూడుసార్లు అరిచి, అతని వైపు చూశాడు. వెంకటేశులు లేవలేదు. బస్సు పోయాక, మళ్లీ బస్సు ఎప్పుడని పక్కనున్న మనిషిని అడిగి, బెంచీ మీద కొంచెం నీడలోకి జరిగి కూర్చున్నాడు.